నెట్‌వర్క్ రకం ఎంచుకునే మీట: ఆమదాలవలస నుంచి సోంపేట దాకా మూడు నెలలు వాడి చూశాక

ప్రతి శనివారం మధ్యాహ్నం ఆమదాలవలసలో రైలెక్కి సోంపేట దగ్గరున్న మా ఊరికి వెళ్లడం, సోమవారం తెల్లవారుజామున బయలుదేరి మళ్లీ శ్రీకాకుళం చేరుకుని కాలేజీకి హాజరు కావడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. గత మూడు నెలలుగా ఈ ప్రయాణాల్లో ఒక పని అదనంగా పెట్టుకున్నాను. ఫోనులో నెట్‌వర్క్ రకాన్ని ఎంచుకునే మీటను వారానికొక తీరుగా మార్చి, ఏ చోట ఏది నిలబడిందో, ఏ చోట ఏది చేతులెత్తేసిందో పాఠాల నోటుపుస్తకం చివరి పేజీల్లో రాసుకుంటూ వచ్చాను. ఆ పేజీల ఆధారంగా రాస్తున్న సమీక్ష ఇది. ఫోను తయారుచేసిన కంపెనీ పేరు గాని, నా రెండు సిమ్‌ల కంపెనీల పేర్లు గాని చెప్పబోవడం లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లన్నింటిలోనూ కాస్త అటూఇటుగా ఇదే మీట ఉంటుంది కాబట్టి, దీని గుణదోషాలు ఏ ఒక్కరి సొత్తూ కావు.

ముందు అది ఎక్కడుంటుందో చెప్పాలి, ఎందుకంటే వెతికి పట్టుకోవడమే సగం పని. మామూలు ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్ తెరిచి, 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్'లోకి, అక్కడినుంచి 'సిమ్స్'లోకి వెళ్లి, కావలసిన సిమ్ పేరు మీద నొక్కి, కిందికి జరుపుకుంటూ పోతే 'ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్' అనే వరుస కనిపిస్తుంది. శాంసంగ్ ఫోన్లలో 'కనెక్షన్స్', 'మొబైల్ నెట్‌వర్క్స్' దాటిన తరువాత 'నెట్‌వర్క్ మోడ్' అన్న పేరుతో ఉంటుంది. ఐఫోన్‌లో మొబైల్ డేటా కింద 'వాయిస్ అండ్ డేటా' అంటారు. నా ఫోనులో ఆ వరుసను నొక్కగానే 5జీ, 4జీ, 3జీ, 2జీ అని నాలుగు పేర్లు వస్తాయి, మొదటిదాని పక్కన మా సిఫార్సు ఇదే అన్నట్టు ఒక చిన్న మాట ఉంటుంది. మా స్టాఫ్ రూములో అడిగి చూస్తే ఈ వరుసను ఎప్పుడైనా తెరిచినవారు ఇద్దరే తేలారు, వారిలో ఒకరు వైఫై కోసం వెతుకుతూ పొరపాటున తెరిచారు.

ఆ జాబితా చదివినవారెవరైనా, 5జీ మీద నొక్కితే ఫోను 5జీకే కట్టుబడి ఉంటుందని, 4జీ మీద నొక్కితే 4జీలోనే నడుస్తుందని అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను, కానీ జరిగేది అది కాదు. 5జీ ఎంచుకుంటే 5జీ దాకా ఎక్కవచ్చునని ఫోనుకు అనుమతి ఇచ్చినట్టు, అంతే. అది దొరకని చోట 4జీకి, అదీ అందని చోట 2జీకి మనల్ని అడగకుండానే దిగిపోతుంది. 4జీ ఎంచుకుంటే నిచ్చెనకు పైమెట్టు ఒకటి తీసేసినట్టు. కిందిమెట్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. శాంసంగ్ జాబితాలో '5జీ/ఎల్టీఈ/3జీ/2జీ' (ఎల్టీఈ అంటే 4జీయే) అని మెట్లన్నీ వరుసగా రాసి పక్కన 'ఆటో కనెక్ట్' అని చేర్చడం వల్ల ఈ సంగతి కొంత తేటపడుతుంది గాని, నా ఫోను ఆ మాత్రం శ్రమ కూడా తీసుకోలేదు. మూడు నెలల వాడకం తరువాత ఈ మీట మీద నాకున్న ప్రధానమైన ఫిర్యాదు ఇదే: ఎంత పైకి ఎక్కవచ్చో చెప్పే అధికారం మనకిస్తుంది, ఎంతకంటే కిందికి దిగకూడదో చెప్పే అధికారం ఇవ్వదు. పలాస దాటిన తరువాత మాకు అవసరపడేది ఆ రెండోదే.

ఒక్కో మెట్టు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో తెలిస్తే గాని ఏది ఎంచుకోవాలో బోధపడదు. 5జీ మన దేశంలో 2022 అక్టోబరు 1న మొదలైంది. జియో దాన్ని 4జీ ఆసరా లేకుండా విడిగా నిలబెట్టింది. ఎయిర్‌టెల్ తొలుత 4జీని పునాదిగా ఉంచి దాని మీద 5జీని కలిపే పద్ధతి ఎంచుకుంది. ఈ రెండో పద్ధతిలో ఫోను ఏకకాలంలో 4జీతోనూ 5జీతోనూ సంబంధం నిలుపుకోవాలి కనుక బ్యాటరీ మీద భారం పెరుగుతుంది. నేటికీ అసలు బరువు మోస్తున్నది 4జీయే. కాల్స్‌లో ఎక్కువ భాగం కూడా వోల్టే రూపంలో (మాటను కూడా 4జీ మీదే పంపే పద్ధతి) దాని మీదే నడుస్తున్నాయి. 3జీ మెట్టు చాలావరకు పుచ్చిపోయింది. ఎయిర్‌టెల్ 2019లో కోల్‌కతాతో మొదలుపెట్టి దాన్ని మూసివేస్తూ వచ్చింది. 2016 సెప్టెంబరు 5న సేవలు ప్రారంభించిన జియోకు 3జీ గాని, 2జీ గాని ఏనాడూ లేవు. అంటే జియో సిమ్ వేసిన ఫోనులో ఎవరైనా సరదాకి 3జీ వరుసను నొక్కితే చేతిలో మిగిలేది సిగ్నల్ లేని ఫోను. ఆ సంగతి హెచ్చరించకుండా ఆ వరుసను ఇంకా అక్కడ ఉంచడం నాకు నచ్చలేదు. 2జీ మాత్రం మిగిలిన కంపెనీల టవర్ల మీద బతికే ఉంది. మీటల ఫోను వాడే మా ఊరి పెద్దలకు అదే ఆధారం. బీఎస్ఎన్ఎల్ సంగతి వేరు. స్వదేశీ పరికరాలతో కట్టిన దాని 4జీని 2025 సెప్టెంబరు 27న, మా సరిహద్దుకు అవతల ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధానమంత్రి ప్రారంభించారు. ఆ 4జీ 700 మెగాహెర్ట్జ్ తరంగాల మీద కూడా నడుస్తుంది. పాత ఫోను ఆ తరంగాలను పట్టుకోలేనిదైతే, ఆ తరంగాల మీద మాత్రమే 4జీ ఉన్న చోట మీటను ఎటు తిప్పినా ఫలితం ఉండదు.

శ్రీకాకుళం పట్టణంలో చెప్పుకోదగ్గ కథేమీ లేదు. ఏడురోడ్ల కూడలిలో నిలుచున్నా, డే అండ్ నైట్ కూడలిలో నిలుచున్నా, అరసవల్లి గుడి దారిలో వెళుతున్నా 5జీ నిలకడగానే ఉంది. ఒక వారం పాటు 4జీకి మార్చి చూశాను. వార్తలు చదవడానికీ, వాట్సాప్‌కూ, కూరగాయల దగ్గర డబ్బు చెల్లించడానికీ ఏ తేడా కనిపించలేదు. విద్యార్థుల కోసం రికార్డు చేసిన గంట పాఠాన్ని అప్‌లోడ్ చేసేటప్పుడు మాత్రం తేడా బాగా తెలిసింది. అయితే ఆ వారంలో నేను వేసుకోని లెక్క ఒకటి బయటపడింది. 2024 జులైలో జియో, ఎయిర్‌టెల్ అపరిమిత 5జీని ప్రధానంగా రోజుకు 2 జీబీ, అంతకు మించిన ప్యాకులకే పరిమితం చేశాయి, ఆ అపరిమితం కూడా ఫోను 5జీ మీద ఉన్నంతసేపే. 4జీకి దిగిన క్షణం నుంచి వాడిన ప్రతి వీడియో రోజువారీ కోటాలోంచి కోసుకుంటుంది. బ్యాటరీ ఆదా అవుతుందని 4జీ పెట్టుకున్న రెండో రోజు, సాయంత్రం ఏడు గంటలకే కోటా పూర్తయిందన్న మెసేజి వచ్చి పడింది. ఇంట్లో వైఫై లేనివారు ఈ లెక్క చూసుకోకుండా పైమెట్టు తీసేయడం మంచిది కాదు.

రైలు ప్రయాణం దగ్గరే మీట తన విలువ చూపించింది. ఆమదాలవలస దాటిన తరువాత తిలారు, కోటబొమ్మాళి, నౌపడ, పూండి మీదుగా పలాస చేరేలోపు ఫోను ఎన్ని టవర్లను వదిలి ఎన్నింటిని పట్టుకుంటుందో లెక్క పెట్టడం నా వల్ల కాలేదు. 5జీ ఎంచుకుని ఉన్నప్పుడు స్టేషన్ల చుట్టుపక్కల ఆ గుర్తు వెలిగి, పొలాల్లోకి రాగానే 4జీగా మారి, మళ్లీ ఊరు కనబడగానే 5జీ అవుతూ ఉంటుంది. నౌపడ ఉప్పు మడుల పక్కనుంచి పోయేటప్పుడు వీడియో కాల్‌లో ఉన్న మా అమ్మాయి ముఖం రెండుసార్లు బిగుసుకుపోయింది. మాట వచ్చేటప్పటికి వాక్యం సగం దాటిపోయింది. తరువాతి శనివారం అదే రైల్లో, దాదాపు అదే సమయానికి, ముందే 4జీకి మార్చి కూర్చున్నాను. వేగం తగ్గింది గాని బొమ్మ ఆగలేదు. టవరు నుంచి టవరుకు మారడమొక్కటే కాకుండా ఒక తరం నుంచి ఇంకో తరానికి మారే పని కూడా ఫోను నెత్తిన పడుతున్నందువల్లే మొదటిసారి ఆ ఆటంకం వచ్చిందని నేను అర్థం చేసుకున్నాను. పైగా మొదటి ప్రయాణంలో చొక్కా జేబులో ఫోను గుండెకు తగిలేంతగా వేడెక్కింది. రెండోసారి ఆ బాధ లేదు.

ఇక ఊరు. ఉద్దానం వైపు తిరిగినవారికి ఆ తోటలు తెలుసు: కొబ్బరి, జీడి, పనస, ఒకదాని నీడలో ఒకటి. మా ఇల్లు పెంకుటిల్లు. వీధి వైపు అరుగు, దాటితే నడవ, ఆ వెనక గది, చివర వంటిల్లు, గోడలు పాతకాలపు మందం. ఫోనులో 'అబౌట్ ఫోన్' కింద 'సిమ్ స్టేటస్' తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎమ్ అనే కొలతలో, మైనస్ గుర్తుతో కనిపిస్తుంది. సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు. మైనస్ 90 లోపు ఉంటే హాయి, మైనస్ 110 దాటితే తంటా అని స్థూలంగా గుర్తుపెట్టుకోవచ్చు. అరుగు మీద 4జీ మైనస్ 96 చూపించింది, నడవలో మైనస్ 104, వెనక గదిలో మైనస్ 113. 5జీ ఎంచుకుంటే అరుగు మీదే మైనస్ 114 దగ్గర ఊగిసలాడుతూ, ఆకు కదిలితే పోయి, గాలి నిలిస్తే వచ్చేది. ఇందులో వింతేమీ లేదు. మన దేశంలో 5జీకి ఎక్కువగా వాడుతున్నవి 3300 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాలు. వాటిలో వేగం ఎక్కువ, దూరం తక్కువ, గోడ అడ్డం వస్తే ఇంకా తక్కువ. 4జీకి 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు కూడా ఉండటం వల్ల అవి తోటలు దాటుకుని లోపలి దాకా రాగలుగుతున్నాయి. జియోకు 700 మెగాహెర్ట్జ్ మీద కూడా 5జీ ఉంది కనుక ఈ మాట అన్ని చోట్లా ఒకేలా వర్తించదు.

బ్యాటరీ విషయం ఇక్కడే తేలింది. టవరు దూరమైన కొద్దీ ఫోను తన గొంతు పెంచి మాట్లాడాలి. 4జీ ఫోను ప్రసారశక్తికి మామూలుగా ఉండే గరిష్ఠ పరిమితి 200 మిల్లీవాట్లు. పట్టణంలో టవరు కిందున్న ఫోను అందులో కొద్ది భాగంతోనే సరిపెట్టుకుంటే, మా వెనక గదిలో ఉన్నది ఆ అంచు దాకా పోతుంది. దానికి తోడు అందీ అందని 5జీ కోసం పదేపదే వెతుకులాట. రాత్రి పది గంటలకు మంచం పక్కన పెట్టి తెల్లారి ఆరింటికి చూస్తే, 5జీ ఎంచుకున్న రాత్రి 17 శాతం ఛార్జింగు ఖర్చయింది, 4జీ ఎంచుకున్న రాత్రి 8 శాతం. రెండు రాత్రుల లెక్కతో శాస్త్రం చెప్పకూడదని నాకు తెలుసు గాని, మూడో వారం మళ్లీ చూసినా ధోరణి మారలేదు. అందుచేత ఊరు చేరగానే పైమెట్టు తీసేయడం నాకు స్థిరమైన అలవాటయింది, ఆ ఒక్క పనికీ ఈ మీటకు పూర్తి మార్కులు వేస్తాను.

కిందిమెట్టు దగ్గరే చిక్కు. సోంపేట బజారులో ఒక పొడవాటి దుకాణం ఉంది, ముందు వెలుతురు, వెనక్కి వెళ్లేకొద్దీ చీకటి, చీకట్లో జీడిపప్పు బస్తాలు. కిలో పప్పు తూయించి, స్కాన్ చేసి, రహస్య సంఖ్య కొట్టాను. తెర మీద చక్రం తిరగడం మొదలైంది. పైన చూస్తే 4జీ గుర్తు పోయి ఇంగ్లిషు 'ఈ' అక్షరం ఉంది, అంటే 2జీ. డబ్బు వెళ్లిందో లేదో తెలియని ఆ నిమిషంలో, ఇలాంటివి రోజూ చూసే దుకాణం ఆవిడ తలెత్తకుండానే "బయటికెల్లి కొట్టండి బాబూ, లోపల తిరగడమే గాని ఎల్లదు" అంది. గుమ్మంలోకి వచ్చినా ఫోను వెంటనే 4జీకి ఎక్కలేదు. ఒకసారి 2జీలో స్థిరపడిన ఫోను పైమెట్టు దొరికిందని గ్రహించి తిరిగి ఎక్కడానికి కొంత వ్యవధి తీసుకుంటుంది. విమానం గుర్తు నొక్కి, పది సెకన్లాగి తీసేస్తే కొత్తగా వెతుక్కుని త్వరగా ఎక్కుతుంది. ఆ కిటుకు పనిచేసింది, డబ్బు వెళ్లింది. కాని దుకాణం లోపల బలహీనంగానైనా 4జీ ఉందని ఆ తరువాత తెలిసింది. బలహీనమైన 4జీకీ, బలమైన 2జీకీ మధ్య ఫోను రెండోదాన్ని ఎంచుకుంది. మాట్లాడేవారికి అది సరైన నిర్ణయం కావచ్చు గాని, డబ్బు చెల్లించేవారికి కాదు. 2జీలోకి దిగవద్దని ముందే చెప్పే వరుస ఆ జాబితాలో ఉండి ఉంటే ఆ చక్రం తిరిగేది కాదు.

ఉండవలసిన చోట లేదు గాని, దాచిన చోట ఉంది. కాల్ చేసే తెర మీద *#*#4636#*#* అని కొడితే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పరీక్షల కోసం పెట్టిన ఒక పేజీ తెరుచుకుంటుంది. అందులో 'సెట్ ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్' కింద పొడవాటి జాబితా వస్తుంది. 'ఎల్టీఈ ఓన్లీ' అంటే 4జీ తప్ప మరొకటి వద్దని, 'ఎన్ఆర్ ఓన్లీ' అంటే 5జీ తప్ప మరొకటి వద్దని. ఇది నిజమైన ఆజ్ఞ. నేను రెండో సిమ్‌కు 'ఎల్టీఈ ఓన్లీ' పెట్టాను, దుకాణంలో మళ్లీ ప్రయత్నించాను, చక్రం రెండు చుట్లు తిరిగి ఆగింది, డబ్బు వెళ్లింది. విజయగర్వంతో అలాగే ఉంచి శ్రీకాకుళం వచ్చేశాను. మంగళవారం సాయంత్రం మా అమ్మ పక్కింటివారి ఫోను నుంచి నా మొదటి సిమ్‌కు చేసింది. "ఏట్రా, ఫోను కట్టీసి తొంగున్నావేటి? పొద్దుటినుంచి సేస్తన్నాను, అందుబాటులో నేదంతన్నాది" అని నిలదీసింది. ఆమెకు తెలిసిన నంబరు రెండో సిమ్‌దే. దాని గుర్తు నిండుగానే ఉంది, ఇంటర్నెట్ నడుస్తూనే ఉంది, కాల్ మాత్రం రాదు. కారణం వెతికితే తప్పు నాదేనని తేలింది. ఆ సిమ్‌కు వోల్టే మీట ఎప్పుడో ఆపి ఉంచాను. వోల్టే లేని సిమ్‌కు కాల్ వస్తే ఫోను 2జీకి దిగి అందుకోవాలి. నేనేమో ఆ మెట్టే నరికేశాను. వోల్టే వేసిన తరువాత ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు. దాచిన పేజీని తెరిచేవారు ముందు వోల్టే పని చేస్తోందో లేదో, ఎవరికైనా ఫోను చేసి, మాట్లాడుతున్నంతసేపు పైన 4జీ గుర్తు నిలిచి ఉందో లేదో చూసుకోవాలి. ఇంకో లోపం కూడా ఉంది: నా ఫోనులో ఆ ఎంపిక, ఫోను ఆపి వేస్తే పోతుంది. అది పోయిన సంగతి మళ్లీ చక్రం తిరిగినప్పుడే తెలుస్తుంది.

వీటన్నింటి తరువాత నాకు దొరికిన మేలైన దారి అదే సిమ్ పేజీలో, నెట్‌వర్క్ రకం వరుసకు కాస్త కిందనే ఉన్న 'అలౌ 2జీ' మీట. ఆండ్రాయిడ్ 12తో వచ్చిన ఈ వసతి అన్ని ఫోన్లలో లేదు. ఫోను లోపలి రేడియో భాగం సహకరించాలి. ఇది ఆపేస్తే ఫోను 2జీకి దిగదు, ఫోను ఆపి వేసినా ఆ ఎంపిక చెక్కుచెదరదు, అత్యవసర కాల్స్‌కు మాత్రం 2జీని వాడుకోనిస్తుంది. నిజానికి దీన్ని పెట్టింది నాలాంటి జీడిపప్పు కొనుగోలుదారుల కోసం కాదు, భద్రత కోసం. 2జీలో టవరు ఫోనును గుర్తిస్తుంది గాని, ఆ టవరు అసలుదో నకిలీదో ఫోను సరిచూసుకోలేదు. ఆ లొసుగును పట్టుకుని నకిలీ టవరు పెట్టెలతో చుట్టుపక్కల ఫోన్లను 2జీకి లాగి, బ్యాంకు పేరుతో మోసపు మెసేజిలు పంపే పద్ధతి పలు దేశాల్లో బయటపడింది. కారణం ఏదైతేనేం, నేను మొదటినుంచీ అడుగుతున్న కింది హద్దు ఇదే. ఒక్క హెచ్చరిక: సీతంపేట కొండల వైపు ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, మలుపుల్లో కొన్ని చోట్ల 2జీ తప్ప ఏదీ లేదు. అక్కడ ఈ మీట ఆపి ఉన్న నా ఫోను గంటసేపు మూగపోయింది, పక్క సీటులోని పెద్దమనిషి మీటల ఫోనులో హాయిగా మాట్లాడుకుంటూ ఉన్నాడు.

రెండు సిమ్‌లు వాడేవారికి ఒక మాట. ఈ ఎంపిక ఏ సిమ్‌కు ఆ సిమ్‌కే ఉంటుంది. ఇంటర్నెట్ ఒక సిమ్ మీదే నడుస్తుంది కాబట్టి, కేవలం కాల్స్ కోసం ఉంచుకున్న రెండోదానికి 5జీ ఎంచుకుని ఉంచడం వల్ల వచ్చేదేమీ లేదు. దాన్ని 4జీలో పెట్టి వదిలేయవచ్చు. అలాగే కాల్ వచ్చినప్పుడు 5జీ గుర్తు పోయి 4జీ కనబడితే కంగారు పడనక్కరలేదు, చాలా సందర్భాల్లో మాట 4జీ మీదే నడుస్తుంది, ఫోను పెట్టేయగానే తిరిగి పైకి ఎక్కుతుంది.

నెట్‌వర్క్ రకం వేరు, నెట్‌వర్క్ కంపెనీని ఎంచుకోవడం వేరు. ఈ రెండూ ఒకే పేజీలో పక్కపక్కనే ఉండటం వల్ల కలగలిసిపోతున్నాయి. ఇచ్ఛాపురం వైపు ఒడిశా సర్కిల్ (టెలికాం సేవల కోసం విభజించిన ప్రాంతం) టవర్లు కూడా అందుతాయి. అక్కడ ఫోను అటు పట్టుకున్నప్పుడు రోమింగ్ డేటా ఆపి ఉంటే కొన్ని ఫోన్లలో ఇంటర్నెట్ ఆగిపోతుంది. అది చూసి నెట్‌వర్క్ రకాన్ని అటూఇటూ తిప్పితే ప్రయోజనం ఉండదు, రోమింగ్ మీట వేయాలి. తుఫాను రోజుల్లో ఈ తేడా ఇంకా ముఖ్యం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు కరెంటుతో పాటు టవర్లు కూడా రోజుల తరబడి పడకేశాయి. సిగ్నల్ కోసం కూలిన కొబ్బరి చెట్ల మీదుగా జాతీయ రహదారి దాకా నడిచి వెళ్లిన సంగతి నాకింకా గుర్తుంది. ఇటీవలి తుఫాన్లలో ఒక కంపెనీ టవరు పడిపోతే ఆ సర్కిల్‌లోనే మరో కంపెనీ టవరును వాడుకునేందుకు టెలికాం శాఖ వీలు కల్పిస్తోంది. ఆ వీలు దక్కాలంటే కంపెనీ ఎంపిక ఆటోమేటిక్‌లో ఉండాలి, లేదా జాబితాలోంచి చేత్తో ఎంచుకోవాలి. నిలబడి ఉన్న టవరు మీద 2జీ ఒక్కటే ఉండవచ్చు కనుక 'అలౌ 2జీ' తెరిచే ఉండాలి. వాతావరణ శాఖ హెచ్చరిక వినగానే నేను నరికిన మెట్లన్నీ తిరిగి వేసేస్తాను.

మొత్తంగా అయిదు మార్కులకు ఈ మీటకు మూడు వేస్తున్నాను. పైమెట్టు తీసే పని చక్కగా, వెంటనే చేస్తుంది, ఎన్నిసార్లు మార్చినా మొరాయించలేదు, ఆ మూడు మార్కులూ అందుకే. ఒక మార్కు కోసింది పేరుకు: 'ప్రిఫర్డ్' అన్న మాట ఇష్టాన్ని సూచిస్తుంది, ఇక్కడ జరిగేదేమో పరిమితి విధించడం, '4జీ వరకు' అని రాసి ఉంటే నాకు రెండు వారాలు మిగిలేవి. ఇంకో మార్కు కోసింది ఉన్న చోటుకు. వారానికి రెండుసార్లు మార్చుకునేదాన్ని నాలుగు తెరల వెనక ఉంచారు, తెర పైనుంచి కిందికి లాగితే వచ్చే మీటల్లో టార్చిలైటుకు చోటుంది గాని దీనికి లేదు. ఐఫోన్‌లోని '5జీ ఆటో' పద్ధతి ఈ విషయంలో కొంత నయం; 5జీ వల్ల చెప్పుకోదగ్గ వేగం రానప్పుడు అది తనంతట తానే 4జీకి దిగి బ్యాటరీని కాపాడుతుంది. నా తమ్ముడి ఫోనులో ఒక ఆదివారం చూశాను, మా అరుగు మీద అది 4జీలోనే కూర్చుంది, నాలా ఎవరూ దానికి చెప్పలేదు.

ఇప్పుడు నా మొదటి సిమ్ శ్రీకాకుళంలో 5జీ, ఊళ్లో 4జీ. రెండోది ఎప్పుడూ 4జీ, వోల్టే వేసి, 2జీ ఆపి. పోయిన నెల అమ్మకు కూడా టచ్ ఫోను కొన్నాను. దానికి 4జీ పెట్టి, వోల్టే వేసి, 2జీని మాత్రం తెరిచే ఉంచాను, ఎందుకంటే ఆమె డబ్బు పంపదు, మాట్లాడుతుంది. అదీ గాక వంటింట్లో మైనస్ 115 చూపిస్తోంది. నేను ఎన్ని మార్చినా ఆమె ఆ ఫోనును నడవ కిటికీ గట్టు మీదే పెడుతోంది, పాత మీటల ఫోను పెట్టుకున్న చోటే. కొలిచి చూశాను, ఇంట్లో 4జీ అన్నిటికంటే బలంగా ఉన్నది అక్కడే, మైనస్ 93.